బ్రిడ్జి కోర్సు సంగతి ఎవరూ చెప్పలేదు

జెద్దాలో నేను పనిచేసే ఆసుపత్రికి ఏటా కొంతమంది సౌదీ విద్యార్థినులు శిక్షణకు వస్తారు. టెక్నికల్ కాలేజీలో రెండేళ్ళ కోర్సు చదివే పిల్లలు. నేను డయాలసిస్ విభాగంలో పద్నాలుగేళ్ళుగా నర్సును. ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురిని నాకు అప్పజెబుతారు. వాళ్ళ చేతిలో ఒక పుస్తకం ఉంటుంది. బీపీ చూడటం, రోగిని పక్కకు తిప్పటం, సూది గుచ్చటం, ఇలా ఒక్కో పనికి ఒక్కో పేజీ. ఆ పని నా కళ్ళెదుట మూడుసార్లు సరిగ్గా చేస్తేనే పేజీ కింద సంతకం పెడతాను. వారానికోసారి వాళ్ళ టీచరు వచ్చి ఏ పేజీ ఖాళీగా ఉందో చూసి, ఎందుకు ఉందని నన్నే నిలదీస్తుంది. పుస్తకం చివర ఒక కాగితం అతికించి ఉంటుంది. ఈ కోర్సు తర్వాత ఏ ఉద్యోగానికి వెళ్ళొచ్చు, పైచదువుకు ఏ పరీక్ష రాయాలి, ఎప్పటిలోగా దరఖాస్తు పెట్టాలి అన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఎందుకు మండేదో ఆ రోజుదాకా నాకే సరిగ్గా తెలియదు.

ఆ రోజు ఉదయం ఒక విద్యార్థిని మా పాత పేషెంటు ఒకావిడకి బీపీ చూడబోతోంది. డెబ్బై దాటిన సౌదీ పెద్దావిడ. వారానికి మూడు రోజులు వస్తుంది. వెంట వాళ్ళింటి పనిమనిషి వస్తుంది. నల్ల అబాయా, మెడకి చుట్టిన గుడ్డ, ఎప్పుడూ వంచిన తల. తెలుగమ్మాయని నాకు తెలుసు. ఒకటి రెండుసార్లు పలకరిస్తే పొడిగా జవాబిచ్చి తప్పుకుంది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు బెదురుతో అలాగే ఉంటారనుకుని నేనూ వదిలేశాను.

విద్యార్థిని బీపీ పట్టీని పెద్దావిడ ఎడమచేతికి చుట్టబోయింది. అది డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి. ఆ చేతికి పట్టీ బిగించకూడదు. నేను రెండు మంచాల అవతల ఉన్నాను, నోరు తెరిచేలోపే పనమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి "లా, మూ హాది" అంది. ఇది కాదు, వద్దు అని. ఇంట్లో చూసుకునే మనిషికి ఆ మాత్రం తెలిసి ఉంటుంది, అందులో వింత లేదు. విద్యార్థిని తడబడి పట్టీని పనమ్మాయి చేతికే ఇచ్చేసింది. అప్పుడు ఆ అమ్మాయి చేసింది చూసి నేను నిలబడిపోయాను. పట్టీని కుడిచేతికి, మోచేతి మడతకి రెండు వేళ్ళ పైన చుట్టింది. స్టెతస్కోపు పెట్టకముందే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి కొట్టింది. నాడి ఆగినచోట అంకె చూసుకుని, గాలి పూర్తిగా వదిలేసి, కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టింది.

అది ఇంట్లో చూసి నేర్చుకునే పద్ధతి కాదు. ఎవరో పక్కన నిలబడి, తప్పుచేస్తే చేతిమీద చిన్నగా కొట్టి నేర్పాలి. నాకలా నేర్పిన టీచరమ్మ ఒకావిడ ఉండేది.

విద్యార్థిని అంకెలు రాసుకుని వెళ్ళాక, నువ్వు ఎక్కడ చదివావని అడిగాను. చదువుకోలేదంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నేను కదలకుండా అక్కడే నిలబడేసరికి ఆమె దుప్పటి సర్దుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"మీరు చదివిన కాలేజీలోనేనండి. వచ్చిన మొదటి రోజే మిమ్మల్ని గుర్తుపట్టాను. మీ ఫొటో చూసే కదండీ ఆ కోర్సులో చేరింది."

ఆ ఫొటో గురించి చెప్పాలి.

మాది గోదావరి వైపు చిన్న పట్నం. పదో తరగతి తర్వాత నేను ఒకేషనల్ ఇంటర్‌లో హెల్త్ వర్కర్ కోర్సు చదివాను. మా ఇళ్ళల్లో ఆడపిల్లల కోసం ఎంచుకునే కోర్సు అది. రెండేళ్ళు చదివితే ఆసుపత్రిలో పని దొరుకుతుంది, తెలివైన పిల్లయితే నర్సింగ్ కాలేజీకి వెళ్ళొచ్చు అని ఆశ. కానీ నర్సింగ్ కాలేజీలో సీటు కావాలంటే ఒకేషనల్ పిల్లలు బ్రిడ్జి కోర్సు అని విడిగా ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ పరీక్షలు రాయాలి. అవి పాసైతేనే మామూలు సైన్సు గ్రూపు వాళ్ళతో సమానం. ఆ సంగతి నాకు తెలియదు. మా టీచరమ్మకు తెలుసు. ఆవిడ దరఖాస్తు తెచ్చి, నా చేత పూర్తి చేయించి, ఆఫీసు కిటికీ దాకా నాతో వచ్చి, గుమస్తా తీసుకునేదాకా అక్కడే నిలబడింది. ఆవిడ నిలబడింది కాబట్టి నేను నర్సునయ్యాను. నా తెలివి వల్ల కాదు.

ఏడేళ్ళ కిందట సెలవుకి వెళ్ళినప్పుడు కాలేజీవాళ్ళు నన్ను పిలిచారు. స్టేజీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. తెల్ల యూనిఫారంలో ఉన్న నా ఫొటో తీసుకుని పెద్ద ఫ్లెక్సీ వేయించి బస్టాండు దగ్గర కట్టారు. నిన్న మా విద్యార్థిని, నేడు సౌదీలో స్టాఫ్ నర్సు, ఉద్యోగమూ ఉన్నత చదువూ రెండూ మీ చేతిలోనే అని కింద రాశారు. నేను మైకు పట్టుకుని పావుగంట మాట్లాడాను. కష్టపడమన్నాను, దేవుణ్ణి నమ్ముకోమన్నాను, అమ్మానాన్నల పేరు నిలబెట్టమన్నాను. బ్రిడ్జి కోర్సు అన్న మాట నా నోటినుంచి రాలేదు. దాచాలని కాదు. గుర్తే రాలేదు. దాటొచ్చినవాళ్ళకి కాలవ లోతు గుర్తుండదు.

ఆ అమ్మాయి ఆ సభలో మూడో వరసలో కూర్చుందట. అప్పటికి ఆమె పది పాసైన పిల్ల, తల్లితో కలిసి వచ్చింది. తల్లి రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసేది. ఆ సాయంత్రమే అడ్మిషన్ తీసుకున్నారు.

ఆమె కథ నాకు ఒక్కరోజులో తెలియలేదు. పెద్దావిడ మెషీను మీద ఉన్న నాలుగు గంటల్లో నాకు ఇరవై నిమిషాల టీ విరామం ఉంటుంది. ఆ విరామాల్లో, వెయిటింగ్ హాలు మూల కుర్చీల్లో కూర్చుని, నాలుగైదు వారాల మీద ముక్కలుముక్కలుగా విన్నాను. మొదటి సంవత్సరం మా టీచరమ్మే వాళ్ళకీ చెప్పింది. అది ఆవిడ ఆఖరి ఏడు. బీపీ ఆవిడ నేర్పిందే. ఆవిడ రిటైరయ్యాక ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు. రెండో ఏడాదంతా క్లాసులో నోట్సు రాయించడమే. ప్రాక్టికల్ పరీక్ష రోజు అరవైమందికి ఒక బీపీ మెషీను, అదీ గాలి కారేది. పరీక్షకొచ్చినాయన వరసగా నిలబెట్టి పేరు అడిగి మార్కులు వేసి భోజనానికి వెళ్ళాడు. కోర్సు తర్వాత ప్రభుత్వాసుపత్రిలో ఏడాది శిక్షణ చేస్తేనే రిజిస్ట్రేషన్ అన్నారు. ఆ ఏడాది కాలేజీ వాళ్ళు ఆసుపత్రికి పిల్లల పేర్ల జాబితా పంపడం మరచిపోయారు. వచ్చే ఏడాది పంపుతామన్నారు, అప్పుడూ పంపలేదు. నర్సింగ్ కాలేజీకి వెళితే అక్కడి గుమస్తా సర్టిఫికెట్ అటూఇటూ తిప్పి, బ్రిడ్జి కోర్సు మెమో ఏదమ్మా అని అడిగాడు. ఆ మాట ఆమె మొదటిసారి విన్నది ఆ కిటికీ దగ్గరే.

"ఏ వంతెనండీ అనడిగానండి నేను" అంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

తర్వాత రెండేళ్ళు ఊళ్ళో ఒక నర్సింగ్ హోంలో నేల తుడవడం నుంచి ఇంజక్షన్ల దాకా అన్నీ చేసింది, ఏ పేరూ లేకుండా. ఏజెంటు వచ్చి సౌదీలో పేషెంట్ కేర్ ఉద్యోగమన్నాడు. కాగితాల మీద అరబ్బీలో ఇంటి పనిమనిషి అని ఉంది. ఆమెకు అరబ్బీ రాదు. పది పాసైనవాళ్ళ పాస్‌పోర్టుకి ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు కాబట్టి విమానాశ్రయంలో ఎవరూ ఆపి అడగలేదు. రెండేళ్ళ కాలేజీ చదువు, ఏడాదిపాటు తిరిగిన ఆఫీసులు దేనికీ కొరగాలేదు. ఆమె చదువు పనికొచ్చింది ఆ ఒక్కచోటే, ఎవరూ అడ్డుచెప్పకుండా విమానం ఎక్కడానికి.

ఆమెను వీసా మీద తెప్పించుకున్న కఫీల్ ఇంట్లోవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పెద్దావిడ ఆమెను బింతి అని పిలుస్తుంది, అంటే నా కూతురా అని. పొద్దున అందరికీ వంట, అంట్లు, మధ్యాహ్నం ఇస్త్రీ, మధ్యలో పెద్దావిడ మందులు, స్నానం, బీపీ, షుగరు. నేను చేసే పనిలో సగం ఆమె కూడా చేస్తోంది. నాకు లైసెన్సు ఉంది, షిఫ్టు ఉంది, నెలకి ఇన్నని సెలవులున్నాయి. ఆమె నివాస కార్డు, ఆ ఇకామా మీద రాసి ఉన్న మాట వేరు.

ఒకరోజు నేను ఉండబట్టలేక, నా మాటలు విని నువ్వు మోసపోయావు కదా, ఇక్కడ నన్ను చూసిన మొదటి రోజే ఆ మాట నా మొహం మీద అనలేకపోయావా అన్నాను. కొంచెం ఆలోచించి, "మీరు అబద్ధం చెప్పలేదండి. చెప్పాల్సింది చెప్పలేదు, అంతే" అంది. ఆ తర్వాత మళ్ళీ డ్యూటీకి వెళ్ళాను. విద్యార్థిని ఒకమ్మాయి తన పుస్తకం తెచ్చి సంతకం అడిగితే, ఆ ఆఖరి కాగితం చూసి, ఆ పిల్ల తప్పేమీ లేకపోయినా కసిరాను. తర్వాత వెళ్ళి క్షమించమని అడిగాను.

మా కాలేజీ కరస్పాండెంటుకి ఫోను చేశాను. కాలేజీ ఆయనదే. నా గొంతు గుర్తుపట్టి చాలా సంతోషించాడు. ఆ అమ్మాయి సంగతంతా చెప్పాను. బ్రిడ్జి కోర్సు గురించి పిల్లలకు ఎందుకు చెప్పడం లేదు, జాబితా ఎందుకు పంపలేదు అని అడిగాను. ఆయన గొంతు ఏమీ మారలేదు. అందరూ నీలా చదువుతారా అమ్మా, వీళ్ళంతా పది ఏదోలా గట్టెక్కినవాళ్ళు, ఫిజిక్సు అంటేనే పారిపోతారు, చేతికో సర్టిఫికెట్ వస్తే చాలు వాళ్ళకి, అని ఓపిగ్గా నచ్చజెప్పబోయాడు. పారిపోతారో లేదో చెప్పి చూశారా అన్నాను. ఆయన తిరిగి నన్నే అడిగాడు.

"ఆ పిల్ల సౌదీలో ఉందంటున్నావు. పేషెంటునే చూసుకుంటోందంటున్నావు. మరి ప్లేస్‌మెంట్ అయినట్టే కదమ్మా?"

ఆయన ఇంకా కొనసాగించాడు. మీరిద్దరూ కలిసి ఒక ఫొటో దిగి పంపండి, ఈ ఏడాది అడ్మిషన్లకి బావుంటుంది అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. ఆయన దృష్టిలో ఆ అమ్మాయి గెలిచిన విద్యార్థిని. పాస్‌పోర్టు మీద ముద్ర పడింది కదా, ఇంకేం కావాలి.

నేను ఫోను పెట్టేసి సామాన్ల గదిలోకి వెళ్ళి సెలైన్ డబ్బాలు ఒకదానిమీద ఒకటి దబదబా సర్దాను. సర్దాల్సిన అవసరం లేదు. మాతో పనిచేసే మలయాళీ నర్సు తొంగిచూసి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

మరుసటి శుక్రవారం నా గదిలో కూర్చుని ఫోనులో వీడియో తీశాను. ఫొటో అడిగారు కదా, మాటే పంపుదామనుకున్నాను. నేను నర్సునైంది ఈ కోర్సు ఒక్కదానివల్ల కాదు, దాని తర్వాత రాసిన బ్రిడ్జి పరీక్షల వల్ల అని చెప్పాను. పిల్లల్ని చేర్చేముందు కాలేజీని ఏం అడగాలో చెప్పాను. శిక్షణకు జాబితా పోయిన ఏడాది పంపారా, పంపితే కాగితం చూపించండి. ప్రాక్టికల్ గదిలో ఎన్ని మెషీన్లు పనిచేస్తున్నాయి, తలుపు తీయండి. బ్రిడ్జి కోర్సు పాఠాలు ఎవరు చెబుతారు, ఆ మనిషిని పిలవండి. ఏడేళ్ళ కిందట ఇవన్నీ చెప్పకుండా మాట్లాడినందుకు నా తప్పు ఒప్పుకున్నాను. ఆ వీడియోని మా పాత విద్యార్థినుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

కాలేజీవాళ్ళ కోపం నేను ఊహించిందే. ఊహించనిది నా తోటివాళ్ళ కోపం. ఒకత్తి నాతోపాటు చదివింది, దమ్మామ్‌లో క్లినిక్‌లో పనిచేస్తోంది. ఫోను చేసి గట్టిగానే దులిపింది. మన కాలేజీ పరువు తీస్తే మన సర్టిఫికెట్ల పరువు కూడా పోతుంది, రేపు మా ఆసుపత్రివాళ్ళు నన్ను అనుమానిస్తే నువ్వొచ్చి నిలబడతావా అని అడిగింది. ఆమె భయం నాకు అర్థమైంది. ఇక్కడ మా బతుకంతా ఒక ఫైల్లో ఉన్న కాగితాల మీదే నిలబడి ఉంది. కానీ ఆ భయాన్నే కదా వాళ్ళు వాడుకుంటున్నది. మనం నోరు మూసుకున్నంతకాలం ఇంకో అరవైమంది ఆ క్లాసులో కూర్చుంటారు అన్నాను. అయితే నీ పేరు మీద నువ్వే అనుకో, మమ్మల్ని లాగకు అని పెట్టేసింది. మధ్యాహ్నానికి గ్రూపులోంచి నన్ను తీసేశారు.

అప్పటికే వీడియో బయటికి పోయింది. ఎవరెవరో తల్లులు, అన్నలు ఫోను చేయడం మొదలుపెట్టారు. ఒక తండ్రి, మా వైపు ఆటో నడిపేవాడు, కూతుర్ని చేర్చేముందు నిజంగానే వెళ్ళి ప్రాక్టికల్ గది తలుపు తీయమన్నాడట. తాళంచెవి దొరకలేదన్నారట. "రేపొస్తానన్నానండి, రేపూ దొరకలేదండి" అని చెప్పి, వేరే ఊళ్ళో ప్రభుత్వ కాలేజీలో చేర్చాడు.

ఇటు అమ్మాయి ఒప్పందం ముగియడానికి ఇంకా అయిదు నెలలుంది. బ్రిడ్జి కోర్సు పుస్తకాలు ఫోనులోకి తెప్పించాను. బయాలజీ ఆమెకు ఇబ్బంది లేదు. కెమిస్ట్రీ బట్టీపట్టింది. ఫిజిక్సు దగ్గర ఇద్దరం కూలబడ్డాం. ఇరవై నిమిషాల విరామంలో నాకు గుర్తున్నంత చెప్పేదాన్ని. నాకు గుర్తున్నది తక్కువ. డయాలసిస్ మెషీను దగ్గరికి తీసుకెళ్ళి, రక్తం ఏ ఒత్తిడితో బయటికొస్తుందో, ఏ ఒత్తిడితో లోపలికి పోతుందో తెరమీద చూపించి, ఇదే నీ పుస్తకంలో ఉన్న ఒత్తిడి అని చెప్పాను. అది అర్థమైంది. కటకాలు, దర్పణాలు అర్థం కాలేదు.

ఇంట్లో పెద్దావిడ కోడలు ఫోను పట్టుకుని కూర్చుంటోందని విసుక్కుందట. నీ దేశం వెళ్ళాక చదువుకో అందట. పెద్దావిడ కలగజేసుకుని, నా మంచం పక్కన ఉన్నంతసేపు అది నా మనిషి, చదువుకోనీ అందని అమ్మాయి చెప్పింది. తర్వాత పెద్దావిడ మెషీను మీద పడుకుని, నన్ను పిలిచి, ఈ పిల్ల ఏ పరీక్షకు చదువుతోందని అడిగింది. నర్సు కావడానికి అన్నాను. ఇప్పుడు నర్సు కాదా అని అడిగింది ఆవిడ. కాదు అన్నాను. ఆవిడ నమ్మలేదు.

ఒప్పందం పూర్తయ్యాక ఇంటివాళ్ళు ఇంకో రెండేళ్ళు ఉండమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. పేచీ పెట్టకుండా, దేశం శాశ్వతంగా వదిలి వెళ్ళేందుకిచ్చే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి పంపారు. ఊరెళ్ళిన వారానికే నాకు ఫోను వచ్చింది. పరీక్ష దరఖాస్తు మీద చదివిన కాలేజీవాళ్ళు సంతకం చేయాలి. వాళ్ళ బ్యాచ్ రిజిస్టరు కనపడటం లేదని, వెతికి చెబుతామని అన్నారు. ఆఖరి తేదీ దగ్గరపడింది. నేను ఇక్కడినుంచి కరస్పాండెంటుకు ఎన్నిసార్లు చేసినా తీయలేదు. నాకు చేతులు కట్టేసినట్టయింది. ఇంత దూరంలో కూర్చుని అరవడం తప్ప ఏం చేయగలను. ఎవరెవరికో ఫోన్లు చేశాను. రిటైరైన మా టీచరమ్మ విశాఖలో కొడుకు దగ్గర ఉంది, మోకాళ్ళు పనిచేయడం లేదు. ఫోనులో అంతా చెప్పాను. ఆవిడ విని, ఆఫీసు గదిలో కిటికీ వైపు ఉన్న ఇనుప బీరువా, పైనుంచి రెండో అర, పాత రిజిస్టర్లన్నీ నా చేత్తో అక్కడే సర్దాను, వెళ్ళి అడగమను అంది.

అమ్మాయి వెళ్ళింది. ఏం జరిగిందో ఆ సాయంత్రం తనే చెప్పింది.

"బీరువా తీయండి అన్నానండి. పనుంది తర్వాత రమ్మన్నారు. కుర్చీ ఇవ్వలేదు, మెట్లమీద కూర్చున్నాను. అమ్మ కూడా వచ్చి కూర్చుంది. అడ్మిషన్లకొచ్చినవాళ్ళు ఎవరు మీరు అనడుగుతుంటే ఉన్నదున్నట్టు చెప్పామండి. మూడోవాళ్ళకి చెబుతుంటే లోపలికి పిలిచారు."

రిజిస్టరు రెండో అరలోనే ఉంది. సంతకం పడింది.

పరీక్షలు రాసింది. బయాలజీలో మంచి మార్కులొచ్చాయి, కెమిస్ట్రీ గట్టెక్కింది, ఫిజిక్సు పోయింది. పాసవడానికి నాలుగు మార్కులు తక్కువ. మళ్ళీ రాస్తానంది. తల్లి పనిచేసే షెడ్డులోనే పొద్దుటిపూట పనికి కుదిరి, మధ్యాహ్నం ఒక మాస్టారి దగ్గర ట్యూషన్‌కి వెళుతోంది. ఆ ట్యూషన్‌లో అందరూ పదహారు పదిహేడేళ్ళ పిల్లలు, ఆమెను ఆంటీ అంటున్నారట. ఆమెకు ఇరవై మూడు.

ధైర్యం చెబుదామని ఫోను చేసినప్పుడల్లా ఆమే నాకు ధైర్యం చెబుతుంది. నా కోపం మాత్రం ఏమీ తగ్గలేదు, తగ్గాలని కూడా నేను కోరుకోవడం లేదు. మొన్న పెద్దావిడతో కొత్త పనమ్మాయి వచ్చింది, కడప వైపు మనిషి. మందులు ఏవి ఎప్పుడివ్వాలో రాసిచ్చి, ఏ చేతికి పట్టీ కట్టకూడదో చూపించాను. నువ్వేం చదివావని అడగబోయి, మొదట కూర్చోమన్నాను. అడిగితే విని ఊరుకునే ఓపిక ఇప్పుడు నాకు లేదు. కూర్చున్నాక అడిగితే, ఆమె ఏడో తరగతి దాకా చదివానంది. తర్వాత ఎందుకు మానేశావని అడిగాను. టీ విరామం అయిపోయినా లేవకుండా విన్నాను.